సముద్రానికి మోసిన పొయ్యిరాళ్ళు

సముద్రానికి నేను రాళ్ళు మోసుకుపోయానని మా వైపు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీయండి. నవ్విన వాళ్ళంతా ఆ రాళ్ళ మీద వండిందే తిన్నారు. ఆ సంగతి నేనే చెబుతాను. నాకు రాయడం రాదు, చెప్పడం వచ్చు.

ఊళ్ళ మీద తుపాకుల గడబిడలు సద్దుమణిగాక వచ్చిన మొదటి మాఘమాసం అది. సూర్యాపేట దగ్గర పల్లె మాది. కూలి చేసుకుని బతికే ఇల్లు. ఇంట్లో మా అత్త, మరిది, నేను. నా మనిషి అప్పటికే లేడు. ఆ గడబిడల్లో పట్టుబడి మరిది జైల్లో ఉన్నప్పుడు మా అత్త మొక్కుకుంది. చిన్న కొడుకు ప్రాణాలతో వస్తే మాఘ పున్నానికి బందరు సముద్రం ఒడ్డున కొత్త కుండలో పరమాన్నం వండి, పొద్దు నడినెత్తికి రాకముందే గంగమ్మకు పెడతానని. వాడు వచ్చాడు. ఎముకలూ గడ్డమూ తప్ప ఏమీ మిగల్లేదు గానీ, వచ్చాడు.

అత్త నన్ను పిలిచింది.

"బరువు మొయ్యనీకి ఒక మనిషి గావాలె. నువ్వు రా. గని మొక్కు కుండ ముట్టకు, పొయ్యి ముట్టియ్యకు. మొగడు లేని చెయ్యి మొక్కుల వడొద్దు."

"వస్త అత్తా. ఒక్కటడుగుత. పరమాన్నంల ఒక్క ముద్ద నాకియ్యి. నీ పెద్ద కొడుకు పేరు మీద నీళ్ళల్ల ఇడుస్త."

"బతికొచ్చినోని మొక్కుల సచ్చినోన్ని కలుపుతవానే? మల్ల గా మాటెత్తితే ఇంటికాన్నే ఉంటవ్, సూస్కో."

నేను మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ ముద్ద కోసమే బయలుదేరాను. సముద్రం చూడాలని కాదు, పుణ్యం రావాలని కాదు. ఆ ఒక్క ముద్ద కోసం.

మూటలు కట్టడం మాత్రం నాకే వదిలేశారు. అందులో నాతో పోటీకి ఎవరూ రాలేరు, నా గొప్ప నేనే చెప్పుకుంటాను. నెత్తి మీద బరువు మనిషిని చంపదు, కదిలే బరువు చంపుతుంది. అందుకని గంపలో ఏదీ ఊగకూడదు, ఒకదానికొకటి తగలకూడదు. కొత్త కుండ నేను ముట్టకూడదు గనక, నేను చెప్పినట్టు అత్తే అందులో బియ్యం పోసి, బియ్యం నడుమ బెల్లం ముద్దను మోదుగాకుల్లో చుట్టి దూర్చింది. కుండ చుట్టూ చుట్టమని వరిగడ్డి తాడులా పేని ఇచ్చాను. తొక్కు జాడీ మూతికి తడిగుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ. సజ్జరొట్టెలు చల్లారాకే కట్టాలి, వేడి మీద కడితే చెమటపట్టి పాచిపోతాయి. గొంగళ్ళు చుట్టి పక్కలకు కుక్కాను. అన్నిటికంటే ముందు, గంప అడుగున, గోనెపట్టా పరిచి మూడు పొయ్యిరాళ్ళు పెట్టాను.

మరిది గంప ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

"ఏందొదినె గిది? బండలేసినవా?"

"అవు. పొయ్యిరాళ్ళు."

అత్త నుదురు కొట్టుకుంది. "ఓ పిచ్చిదానా! ఏటికాడ రాళ్ళకు కరువా? గాడ దొరకయా?"

ఆమె తప్పు కాదు. మేము ఎరిగిన ఒడ్డు కృష్ణ ఒడ్డే. వాడపల్లిలో మునిగినా మట్టపల్లిలో మునిగినా కాలి కింద బండలే. మా నల్లగొండ నేలలో రాయి లేని చోటు ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్ళూ ఎవరి ఇంట్లోనూ ప్రయాణానికి పొయ్యిరాళ్ళు మూట కట్టింది లేదు.

నేను మాత్రం రాయి లేని నేల చూశాను. గడబిడల ఏడు నేనూ నా మనిషీ కోదాడ దాటి, సరిహద్దు అవతలి రాజ్యంలోకి పారిపోయాం. అత్త అప్పుడు మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంది. అవతల మాకు చోటిచ్చింది నల్లరేగడి చేను. ఎంత నడిచినా మట్టే. గింజలున్నాయి, కుండ ఉంది, కుండ పెట్టడానికి పొయ్యి లేదు. మట్టి గడ్డలు పెడితే కుండ ఒరిగి గంజి నేలపాలైంది. అప్పుడు నా మనిషి లేచి, మా వైపు నేల దొరికేదాకా నడిచి, తువ్వాల్లో మూడు రాళ్ళు కట్టుకుని భుజాన వేసుకొచ్చాడు. "ఇగ ఒండు" అన్నాడు, అంతే. ఆ వానల్లో జ్వరం తగిలి అక్కడే పోయాడు. చివరి గంజి ఆ రాళ్ళ మీదే కాచాను. తిరిగి వచ్చేటప్పుడు కుండ వదిలేశాను గానీ రాళ్ళు వదల్లేదు. కొడుకు ఆఖరి రోజుల గురించి అత్త నన్ను అడగలేదు. అడగనిది ఎలా చెప్పను?

కోదాడలో బస్సు దగ్గర మిర్యాలగూడ నుంచి వచ్చిన మా పెద్ద ఆడబిడ్డ కలిసింది. రేకు పెట్టె, ఇత్తడి చెంబులు, కొత్త చీర. రాళ్ళ సంగతి వినగానే కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వింది.

"ఏమే పిల్లా, మనూరి గుట్ట గిట్ల తెచ్చినవా? సముద్రం పూడ్చనీకి పోతున్నవా?"

"నీ పెట్టెల పట్టక నా గంపల ఏసుకున్న వదినె" అన్నాను.

సరిహద్దులో సుంకం నాకా దగ్గర బస్సు ఆపారు. నాకాదారు ఒక్కొక్క మూటా విప్పించి చూస్తున్నాడు. నా గంప అడుగున చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"క్యా హై యే? ఏంది గిది?"

"పొయ్యిరాళ్ళు సాబ్."

"పత్థర్! రాళ్ళు గూడ దాటిస్తరా?" అని బస్సంతా వినబడేట్టు అరిచాడు. బస్సంతా నవ్వింది. అత్త కొంగుతో ముఖం కప్పుకుంది. నేను గడ్డి మళ్ళీ సర్దుకుని గంప నెత్తికెత్తుకున్నాను. నవ్వుకు బరువుండదు గదా, దాన్నీ మోశాను.

బెజవాడలో రైలు, బందరులో దిగి నడక. ఇసుకలో నడక అంటే కాలు ముందుకు వేస్తే వెనక్కి పోతుంది. ఆడబిడ్డ పెట్టె ఇసుకలో ఈడ్చింది. మరిది గొంగళ్ళు జారవిడుచుకుంటూ వచ్చాడు. నా గంప మాత్రం ఊగలేదు.

సముద్రం గురించి నన్ను అడగకండి. పెద్దది, అరుస్తుంది. నేను చూసింది ఒడ్డు. ఇసుక, ఇసుక, మళ్ళీ ఇసుక. రాయి కాదు గదా, గవ్వకంటే పెద్దది ఏదీ లేదు.

స్నానాలయ్యాయి. అత్త మొక్కు కుండ చేత్తో పట్టుకుని రాళ్ళ కోసం అటూ ఇటూ చూసింది. ఆడబిడ్డ కుడివైపు పోయింది, మరిది ఎడమవైపు పోయాడు. ఇద్దరూ వట్టి చేతులతో వచ్చారు. గుంట తవ్వారు. పైన ఇసుక జారి గుంట పూడింది, లోతుకు తవ్వితే నీళ్ళూరాయి. కుండ పెడితే ఒరిగింది. పక్కన వండుకుంటున్న ఆ ఊరావిడ జాలిపడింది.

"మా పొయ్యి ఖాళీ అవుతుంది, తీసుకోండమ్మా. దానికేముంది?"

"పున్నెముంటది తల్లీ, గని పరాయి పొయ్యి మీద మొక్కు బువ్వ వండొద్దు" అని అత్త ఇసుకలో కూలబడింది. పొద్దు పైకొస్తోంది.  ఒక కొడుకును తిరిగిచ్చిన గంగమ్మ, మొక్కు తప్పితే కోపం చేస్తుందేమోనని ఆమె భయం.

నేను గంప బోర్లించాను. మూడు రాళ్ళూ ఇసుక మీద పడ్డాయి. 

అత్త నన్ను చూసింది. "నీకెట్ల తెలుసే పిల్లా, గీడ రాళ్ళుండయని?"

"తెల్వదత్తా. రాయి లేక బువ్వ లేకుండ పండుకున్న నాడు ఇవి నీ పెద్ద కొడుకు తెచ్చిండు. భుజాన మోసుకొచ్చిండు. ఆకరు గంజి వీటి మీదనే తాగిండు. ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?"

 అత్త ఒక రాయి ఒళ్ళోకి తీసుకుంది. మసి పట్టిన వైపు అరచేత్తో నిమిరింది, పిల్లవాడి వీపు నిమిరినట్టు. తర్వాత తానే మూడూ పేర్చి, బందరులో కొన్న కట్టెలు దూర్చి, కుండ ఎక్కించింది. అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరింది. ఇంకోటి గీసింది. అదీ ఆరింది. మూడోది గీయకుండా పెట్టె నా చేతిలో పెట్టింది.

"నువ్వే ముట్టియ్యి. నీ రాళ్ళు నీ మాటే ఇనేటట్టున్నయ్."

"మొగడు లేని చెయ్యి అత్తా" అన్నాను. ఊరికే అనలేదు, అనాలనే అన్నాను.

"ముట్టియ్యవే! పొద్దు పోతున్నది. నాకు కొడుకు లేడు, నీకు మొగడు లేడు, ఇద్దరికీ లేంది వాడొక్కడే గదా!"

అత్త కుండ ఎత్తి పట్టుకుంటే రాళ్ళు తిప్పి, గాలి వైపు గోనెపట్టా తడిపి నిలబెట్టి, ముట్టించాను. ఒక్క పుల్లకే అంటుకుంది. పరమాన్నం కుతకుతలాడి కుండ అంచు దాటి పొంగింది. ఆడబిడ్డ అందరికంటే గట్టిగా "పొంగింది, పొంగింది!" అని అరిచింది.

మొదటి ముద్ద మరిది పేరు మీద గంగమ్మకు. రెండోది అత్త ఆకులో వేసి నా దోసిట్లో పెట్టింది. మూడోది తాను తీసుకుంది. ఇద్దరం మోకాళ్ళ లోతుకు దిగాం. "వాడు సముద్రం సూడలేదే" అంది అత్త. "ఇప్పుడు సూస్తడు" అన్నాను. అల వచ్చి రెండు ముద్దలూ ఒకేసారి పట్టుకుపోయింది.

తిరుగు ప్రయాణంలో రాళ్ళు ఇక్కడే పారేద్దామని ఆడబిడ్డ అంటే, అత్త ఆమెను తిట్టిన తిట్లు నేను చెప్పను. గంప మరిది నెత్తికెక్కింది. నాకా దగ్గర అదే మనిషి, అదే చెయ్యి గంపలో.

"అరె, మల్ల గదే పత్థరా?"

మా అత్త ముందుకు వచ్చింది. ఈసారి ముఖం కప్పుకోలేదు.

"అవు సాబ్. మా పెద్దోనియి. జర పైలంగ పెట్టు, కింద వడెయ్యకు."

అతను మెల్లగా పెట్టాడు. ఆ రోజు నేను చేతులూపుకుంటూ నాకా దాటాను.