ఉయ్యాల మీద డీజిల్ ట్యాంకు

పొద్దున గేటు గొళ్ళెం బిగుసుకుపోతే, వంటింట్లో పిండి పక్కన పెట్టిన నిమ్మచెక్క తెచ్చి దానిమీద రుద్దాను. కాసేపటికి పులుపూ ఇనుమూ కలిసిన వాసన లేచింది. ఆ వాసన నాకు గూడూరులోని ఒక ఇంటి వసారాను గుర్తుకు తెస్తుంది. అక్కడ ఉయ్యాల బల్లమీద తాళ్ళతో కట్టిన లారీ డీజిల్ ట్యాంకు. పక్కన స్టూలు మీద కూర్చుని, కాలితో దాన్ని ఊపుతూ వక్క నములుతున్న జైతూన్‌బీ గారు.

చదువు ముగించి నేను మొదట గుమాస్తాగా చేరింది ఆమె దగ్గరే. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక పాత లారీ, దానికి నిమ్మకాయల బస్తాలెత్తే కొందరు వ్యాపారుల నమ్మకం. సాయంత్రం గూడూరులో ఎత్తిన కాయ తెల్లవారే వేళకు మద్రాసు మార్కెట్లో దిగాలి. డైరీ రాయడం నాకు అప్పటికే అలవాటు. ఆ వేసవి పేజీలన్నిటా ఒకటే మాట: లారీ ఆగింది. ట్యాంకు లోపల తుప్పు పట్టి, బండి కుదుపులకు పెళ్ళలుగా రాలి, గొట్టానికి అడ్డం పడేది. డ్రైవరు రమణయ్య ఎక్కడికక్కడ దిగి, ఫిల్టరు కడిగి, గొట్టం ఊది మళ్ళీ నడిపేవాడు. మద్రాసు దారిలో సరిహద్దు ఊరైన తడ దాటడమే గగనమయ్యేది. ఈలోగా బస్తాల్లో కాయ మెత్తబడేది. ఇంకొక్కసారి దారిలో ఆగితే బస్తా ఎత్తబోమని వ్యాపారులు తేల్చి చెప్పారు. కొత్త ట్యాంకు కొనే స్తోమత లేదు. ఆమె మరిది కరీం గారు లారీ కొనే మనిషిని కూడా చూసిపెట్టారు. లారీ అమ్మేస్తే ఆమె ఆ మరిది ఇంట్లో ఒక మూలన బతకాలి. ఎవరూ పైకి అనకపోయినా, అది అందరికీ తెలిసిన సంగతే.

“పాతినుముకు పోవాల్సిందాన్ని పట్టుకోని ఏలాడతా ఉండావేంది వదినా?” అన్నారాయన.

“లోపల చూసినావా?”

“చూసేదేముంది? పోయింది గదా!”

“చూడకుండానే పోయిందంటే ఎట్టా కరీమూ? కాయలు కోసే కత్తిపీట మీద ఏనాడన్నా తుప్పు నిలిచిందా?”

ఆమె ఆలోచన అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నిమ్మకాయలు ఏరే చోట కుళ్ళుకాయ కుప్పలుగా పారేస్తారు. కావలసినంత తెచ్చుకోవచ్చు. ట్యాంకు విప్పి, డీజిల్ తీసేసి, వాసన పోయేదాకా సబ్బునీళ్ళతో కడిగి, ఎండబెట్టాం. చేతులు భగ్గున మండుతున్నా కాయలు పిండి, ఆ రసం నీళ్ళలో కలిపి సగానికి పోశాం. లోపల గీకడానికి రమణయ్య కంకర పోద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. లారీ వెనక తలుపు గొలుసు ఊడదీసి లోపలికి జార్చి, దాని కొసకు తీగ కట్టి బయట ఉంచింది.

“లోపలికి పంపేది ఏదైనా తిరిగొచ్చే దారి చూసి పంపాల రమణయ్యా. ఒక్క రాయి లోపల ఉండిపోయినా మళ్ళీ అదే పాట గదా!”

ట్యాంకును ఉయ్యాల ఎక్కించాక, వచ్చిన ప్రతివాళ్ళూ ఒక చెయ్యి వేయక తప్పలేదు. ఊపినప్పుడల్లా లోపల గొలుసు గరగరమనేది. పక్కింటి సుబ్బమ్మ గడపలోనే నిలబడిపోయింది.

“ఏందక్కా, ఉయ్యాల్లో ఏసినావే! ఆడబిడ్డా, మొగబిడ్డా?”

“ఏ బిడ్డయితే ఏంది, నడిస్తే చాలు. నువ్వు గూడా నాలుగు ఊపులు ఊపి పో.”

మర్నాడు కరీం గారు వచ్చి, లారీ కొనే మనిషి తొందరపెడుతున్నాడని చెబుతూ, తనకు తెలియకుండానే ఉయ్యాల గొలుసు పట్టుకొని ఊపసాగారు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. “ఊపు కరీమూ, ఊపు. నీ చెయ్యి గూడా పడనీ.”

తీగ పట్టి లోపలి గొలుసు బయటికి లాగి, రసం పారబోస్తే ఎర్రటి మడ్డి వచ్చింది. లోపల ఇనుము తెల్లగా కనిపించింది. మా సంబరం ఎంతోసేపు నిలవలేదు. మంచినీళ్ళు పోసి చూస్తే అడుగున అక్కడక్కడా బొట్లు కారుతున్నాయి.

“చూసినావా! ఇన్నాళ్ళూ తుప్పే దాన్ని పట్టుకోనుండింది. కడిగి కడిగి నువ్వే చంపినావు,” అన్నారు కరీం గారు.

నాకూ అలాగే అనిపించింది. ఆమె వంగి, ఒక బొట్టును వేలితో తుడిచి, అది మళ్ళీ ఊరేదాకా చూసింది.

“చిల్లు నేను పెట్టలా. అది ఎప్పుడో పడింది. తుప్పు దాన్ని దాచింది, అంతే. ఎప్పటికైనా కారేదే గదా. నడిరోడ్డు మీద కారకుండా మన వసారాలో కారింది, మంచిదేగా. శీనయ్యా, సుద్దముక్క తే. కారిన చోటల్లా గుర్తుపెట్టు,” అంది నాతో.

వంటసోడా నీళ్ళతో పులుపు విరగ్గొట్టి, మళ్ళీ ఎండబెట్టాం. బిందెలకు మాట్లు వేసే మస్తాన్ వచ్చి, మంట దగ్గరికి రానీయకుండా, దూరంగా కాల్చి తెచ్చిన కడ్డీతోనే నా సుద్దగుర్తుల మీద మాట్లు వేశాడు. తుప్పు తిరిగి పట్టకుండా వెంటనే లోపలంతా డీజిల్ తడి చేశాం.

ఆ సాయంత్రం, కాళ్ళావేళ్ళా పడితే ఒక వ్యాపారి ఎత్తించిన బస్తాలతో లారీ కదిలింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఫోను మోగింది.

“శీనన్నా, తడ దాటినాం! ఇప్పుడు మద్రాసులో దించతా ఉండాం. యాడా ఆగలా!” రమణయ్య అరుస్తున్నాడు.

“ఒక్కసారి గూడా?”

“టీకి నేను ఆగినా. బండి ఆగలా.”

పరుగున వెళ్ళి చెబితే జైతూన్‌బీ గారు ఖాళీ ఉయ్యాల మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు తుడుచుకొని, “సుబ్బమ్మకు చెప్పిరా, బిడ్డ నడిచిందని,” అన్నారు.

లారీ కొనడానికి చూసిన మనిషి వేరే బండి చూసుకున్నాడు. ఆ ట్యాంకుతోనే మా లారీ ఎన్నో వేసవులు తిరిగింది. జైతూన్‌బీ గారు తన ఇంట్లోనే, ఆ ఉయ్యాల ఉన్న వసారాలోనే ముసలివారయ్యారు. నేను ఆ తరువాత వేరే ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. లెక్క తేలకపోయినా, ఇంట్లో మాట తేడా వచ్చినా, ముందు సుద్దముక్క కోసం వెతుక్కోవడం ఆమె దగ్గర అబ్బిన గుణం. చిల్లు కనబడిన రోజు చెడ్డరోజు కాదన్న ధైర్యమూ ఆమె ఇచ్చిందే.

మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. గండం ఏది గడిచినా “తడ దాటినాం” అంటాం. మా ఆవిడ రెండేళ్ళుగా చూపు మసకబారుతున్నా బాగానే ఉందంటూ నెట్టుకొచ్చింది. పరీక్ష చేయిస్తే ఏం బయటపడుతుందోనని భయం. ఉయ్యాల మీద ట్యాంకు కథ ఇంకోసారి చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. మొన్న ఆపరేషన్ అయ్యాక, కంటికి కట్టుతో బయటికి వచ్చి, నా చెయ్యి తడిమి పట్టుకొని, “తడ దాటినాం” అంది.

జైతూన్‌బీ గారిని ఆమె ఒక్కసారైనా చూసి ఎరగదు.