ఉగ్గానిలో క్యారెట్

ఆదోనిలో నా స్నేహితులందరూ సమాజం మారాలనేవాళ్లే. పాత పద్ధతులే మేలనే పార్టీకి ఓటేసేది నేనొక్కణ్నే. అందుకే రోజూ పొద్దున ఉగ్గాని బండి దగ్గర మిరపకాయ బజ్జీతో పాటు నన్నూ నంజుకుంటారు.

మొన్న బండి ఆయన నానబెట్టిన బొరుగుల్లో పుట్నాల పొడితో పాటు క్యారెట్ తురుము కూడా కలిపాడు. మాలో అందరికంటే పెద్ద విప్లవవాది ఒక ముద్ద తిని, ప్లేటు పక్కకు నెట్టేశాడు.

"ఇదేం ఉగ్గానప్పా? మా తాతల కాలం నుంచి ఎవురన్నా ఇట్లా సేసినారా?"

"ఈపొద్దు క్యారెట్ అంటాడు, రేపు బీట్‌రూట్ ఏస్తాడు," అన్నాడు ఇంకొకడు. మిగతావాళ్లు గంభీరంగా తలలూపారు.

నిజానికి నాకు క్యారెట్ బాగా నచ్చింది. ఇంకో ప్లేటు అడుగుదామనుకున్నాను. కానీ ఇన్నేళ్లకు ఇంతమంది ఒకేసారి నా పార్టీలో చేరుతుంటే చెడగొట్టడమెందుకని, నేనూ ప్లేటు నెట్టేశాను.