గేటుకు కట్టిన వేపమండలు

మా అపార్టుమెంటు వెనక పాత ప్రహరీగోడకి నిన్న సున్నం వేశారు. ఈ రోజుల్లో సున్నం వేసేదెవరు, అంతా డబ్బాల్లో రంగులే కదా! మా వాచ్‌మన్‌కి ఎక్కడ దొరికిందో ఏమో, బాల్చీలో నానబెట్టుకుని కుంచె పట్టుకు కూర్చున్నాడు. ఆ తడి సున్నం ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కుకి తగిలేసరికి నా కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. హిమాయత్‌నగర్‌లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నాంపల్లిలో, మా బడి వాకిట్లో ఉన్నాను. గేటు దగ్గర రుక్మాబాయమ్మ నిలబడి ఉంది. మీరెవరూ ఆవిణ్ణి ఎరగరు. ఎరిగుంటే ఈపాటికి మీ చొక్కా గుండీలు సరిచూసుకుని ఉండేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మా వారికి ఇక్కడ గుమాస్తా ఉద్యోగం వచ్చి గుడివాడ నుంచి కాచిగూడలో ఒక గదిలోకి దిగాం. మరికొన్నేళ్ళకి నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే దారిలో, ఒక సందులో ఉన్న చిన్న ప్రైమరీ బడిలో నాకు పని దొరికింది. రుక్మాబాయమ్మ అక్కడ హెడ్ మిస్ట్రెస్. పాత హైదరాబాదు మనిషి, చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. పొట్టిగా, గట్టిగా ఉండేది. భుజం దగ్గర రవికకి దారం ఎక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉండేది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్ల గోళ్ళూ, చెవులూ, గుండీలూ చూసేది. ఊడిన గుండీని అక్కడికక్కడే కుట్టి లోపలికి పంపేది. మొదటి రోజు నా వైపు కూడా అదే చూపు చూసింది.

"కామేశ్వరమ్మా, పిల్లలు నిన్ను జూసి నేర్చుకుంటరు. ఆ కొంగు జర సక్కగ జేసుకో బిడ్డా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్రిక్ ప్యాసయి వచ్చినదాన్ని, నాకు కొంగు సర్దుకోవడం నేర్పుతుందా ఈవిడ, అనుకున్నాను. అనుకుంటూనే సర్దుకున్నాను!

గేటు పక్కన ఒక నల్లబల్ల వేలాడదీసి బడి కబుర్లన్నీ తెలుగులోనూ, ఉర్దూలోనూ తనే రాసేది. రాసి ఊరుకునేదా? వచ్చిన ప్రతి తల్లికీ నోటితో చెప్పేది. ఎందుకండీ ఈ శ్రమ, రాశారు కదా అంటే, "చదువొచ్చినోళ్ళకు బల్ల, రానోళ్ళకు నా నోరు" అంది. సాయంత్రం గంట కొట్టాక ఇంకా గట్టిది. బయట స్టేషనుకి పరిగెత్తే టాంగాలు, రిక్షాలు, బస్సులు. తెలిసిన చేతిలో పెడితే తప్ప పిల్లని వదిలేది కాదు. మా బడి నడిపేది అబిడ్స్‌లో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు. జీతాలిచ్చేదీ ఆయనే. ఒకసారి ఆయన మనవడి కోసం కొత్త డ్రైవరొస్తే ఈవిడ పంపలేదు. సేటు ఎర్రటి ముఖంతో స్వయంగా ఊడిపడ్డాడు.

"మా పోరన్ని తీస్కపోనీకి నా డ్రైవరుకు మీ ఇజాజత్ కావాల్నా టీచరమ్మా?"

"మీ డ్రైవరని నాకెట్ల ఎరుక సేట్‌సాబ్? మొఖం మీద రాసున్నదా? ఇప్పుడు మీరొచ్చిన్రు, తీస్కపోండ్రి."

సేటు నవ్వలేక ఏడవలేక మనవణ్ణి చంకనెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఏడే మా బడికి ప్రభుత్వ గుర్తింపు కోసం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్న కబురు వచ్చింది. గుర్తింపు రాకపోతే మా అయిదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకుని ఏ హైస్కూలుకి వెళ్ళినా చేర్చుకోరు. గోడలకి సున్నాలు కొట్టించాం, చాపలు దులిపించాం, పాటలు నేర్పించాం. సరిగ్గా ఆ సందడిలో, నా రెండో తరగతిలో ఒక పిల్ల బడికి రావడం మానేసింది. వాళ్ళక్క నాలుగో తరగతి. ఒకరోజు పొద్దున్న ఆ అక్క జడలో పూలకి బదులు వేపరెమ్మ ఉంది. నేను చూశాను గానీ నాకేమీ తట్టలేదు. రుక్మాబాయమ్మ మాత్రం ఆ పిల్లని లోపలికి పంపకుండా చెయ్యి పట్టుకుని, నన్ను రమ్మని, నేరుగా వాళ్ళింటికి నడిపించింది.

మొజంజాహీ మార్కెట్ వెనక ఒక ఇరుకు వాటా. గుమ్మానికి ఏమీ లేదు. లోపల చీకట్లో, పరిచిన వేపాకు మీద పిల్ల పడుకుని ఉంది. ఒళ్ళంతా పొక్కులు. మశూచి. అప్పట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు, మా వైపు అమ్మవారు, ఇక్కడ తల్లి. ఎక్కడైనా తల్లి పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. చూసినవాళ్ళు గడప తొక్కకుండా వెనక్కి తిరుగుతారు. ఈ పిల్ల వాళ్ళమ్మ అదీ కట్టలేదు.

"బయట కడ్తె ఇంటి మాలకుడు ఖాళీ చెయ్యమంటడు టీచరమ్మా" అని కాళ్ళమీద పడింది. "కట్టకపోతినని తల్లికి కోపమొచ్చి నా బిడ్డను గుంజుకపోతదేమోనని పానం కొట్టుకుంటున్నది."

రుక్మాబాయమ్మ ఆమెని లేపింది. "నీ బిడ్డ పేరు డాక్టరుకు తప్ప ఎవ్వరికి జెప్ప. మండల ఫికర్ నీకొద్దు, నేను కడ్త."

నేనేదో ఓదార్పు మాట అనుకున్నాను. బడికి వచ్చేసరికి సేటు గోడలు చూసుకుని మురుస్తున్నాడు. సంగతి వినగానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఎల్లుండి ఇన్‌స్పెక్టరొస్తున్నడు. రెండు దినాలు సబర్ చెయ్యుండ్రి. గుర్తింపు రాకుంటె గీ పిల్లలు యాడికి పోవాలె?"

"తల్లి సబర్ చేస్తదా సేట్‌సాబ్? ఒక్క చాప మీద ఎందరు పిల్లలు కూసుంటరో మీకెరుకేనా?"

"అయితే ఆ పిల్ల పేరు బల్లమీద రాసి పారేయండి, అందరూ జాగ్రత్త పడతారు" అన్నాను నేను, ఉండబట్టలేక.

"రాస్తె ఆ ఇంటోళ్ళు సడక్ మీద పడ్తరు. అది జూసి తతిమ్మోళ్ళు ఇంక లోపట్లోపట దాస్తరు. అప్పుడేం జేస్తవ్?"

చేతిలోకి తీసుకున్న సుద్దముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

మర్నాడు పిల్లలొచ్చే వేళకి మా తెల్లటి గోడల మధ్య, గేటుకి రెండు వైపులా పచ్చటి వేపమండలు వేలాడుతున్నాయి. తల్లులంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బల్ల చదవక్కర్లేదు, ఎవరూ వివరించక్కర్లేదు.

"ఎవరింట్ల పోసింది టీచరమ్మా?" అని ఒకామె అడిగింది.

"నా ఇంట్ల."

"మీ ఇంట్ల పిల్లలేరి?"

"గీళ్ళందరు ఎవరు మల్ల?" అంది రుక్మాబాయమ్మ.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, కొంగు నోట్లో కుక్కుకుని నిజంగానే ఏడ్చాను. ఆవిడకి అంత తీరిక లేదు. టీకాల వాళ్ళని అప్పటికే పిలిపించి వాకిట్లో కూర్చోబెట్టింది. ఆ టీకాల వాళ్ళు వీధిలోకొస్తే అమ్మవారికి కోపమొస్తుందని తలుపులు గడియలు పెట్టుకునే ఆడవాళ్ళు వీళ్ళు. "తల్లి పోసిన ఇంటిదాంక వొచ్చి ఉత్తగ పోతరా? టీకా ఏసుకోని పోండ్రి" అని ముందు తన చెయ్యే చాపింది. ఒకామె కదిలింది, ఆమె వెనక ఇంకొకామె. మధ్యాహ్నానికి ఇద్దరు తల్లులు ఆవిణ్ణి పక్కకి పిలిచి, తమ ఇళ్ళలోనూ దాచుకున్నామని చెవిలో చెప్పారు. డాక్టరు ఆ ఇళ్ళకీ వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరొచ్చిన రోజు బడి ముత్యంలా మెరిసిపోతోంది, ఒక్క పిల్ల లేదు. బడికి సెలవిచ్చేసింది మరి! ఆయన వేపమండలకేసి, మాకేసి చూశాడు.

"పిల్లలేరమ్మా?"

"పిల్లలు ఇండ్లల్ల పైలంగున్నరు సార్. లోపటికొస్తనంటె రాండ్రి, కాని టీకా ఏయించుకోని రావాలె."

ఆయన గంజిపెట్టిన తన పొడుగు చేతుల చొక్కాని ఒకసారి చూసుకుని జీపెక్కాడు. ఆ ఏడు గుర్తింపు రాలేదు. అయిదో తరగతి పిల్లల్ని రుక్మాబాయమ్మ ఎండాకాలమంతా తన ఇంట్లో కూర్చోబెట్టి చదివించి, హైస్కూళ్ళ ప్రవేశపరీక్షలకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అందరూ చేరారు. మా బడి పిల్లల్లో ఒక్కరు కూడా దక్కకుండా పోలేదు. మచ్చల ముఖాలతో తిరిగొచ్చినవాళ్ళలో ఎవరింట ముందు పోసిందో ఎవరికీ తెలియలేదు. సేటు మాత్రం ఆవిణ్ణి తీసేసి, ఆ కుర్చీ నాకిచ్చాడు. నాకొద్దని మొండికేస్తే రుక్మాబాయమ్మే కాచిగూడ దాకా వచ్చి చీవాట్లు పెట్టింది.

"కుర్సీ మీద అలుగుతవా? పొద్దుగాల గేటు కాడ ఎవరు నిలబడ్తరు?"

నిలబడ్డాను, రిటైరయ్యేదాకా. ఇంటి యజమానులకు తెలియకుండా, బంధువులకు తెలియకుండా ఎన్ని ఇళ్ళ సంగతులు నా దగ్గరికి వచ్చాయో! ఆ రెండో తరగతి పిల్ల ఇప్పుడు మనవలున్న మనిషి, ఈ ఊళ్ళోనే ఉంది. ఎప్పుడైనా కనిపిస్తే మచ్చల ముఖమంతా విప్పార్చి నవ్వుతుంది. ఆమె పేరేమిటని మా వారు ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నారు. చెప్పలేదు. మీకూ చెప్పను.