పూజగదిలోని ఊదారంగు గుండె

ఇంగ్లీషులో నాకు చక్కగా వచ్చిన మాట ఒక్కటే, ‘ఎగ్జిట్’. ఆరో తరగతిలో బడి నుంచి బయటపడడానికి అది సరిపోయింది. అలాంటి నన్ను ఏరికోరి, అమెరికా సైన్యం పతకాల వెనక ఏం రాసుందో కనుక్కురమ్మని మా బావ సుంగై పెటాని అనే ఊరు పంపాడు. పంపక ఏం చేస్తాడు? గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన్ని వీధి చివర కొట్టుకి కూడా మా అక్క వెళ్లనివ్వడం లేదు.

బావ పేరు సింహాచలం. కుర్రతనంలో పినాంగు దీవిలో ఒక హోటలు లాండ్రీలో బట్టలుతికేవాడు. వియత్నాం యుద్ధం నుంచి అమెరికా సిపాయిలు సెలవు మీద అక్కడికి వచ్చి, తాగి, తిరిగి, మళ్లీ యుద్ధానికి పోయేవారు. వాళ్లలో ఒకడు ఉతకడానికి వేసి మరిచిపోయిన ప్యాంటు జేబులో గుండె ఆకారంలో బిళ్ల దొరికింది. బావ మేడ మీదికి పరుగెత్తేసరికి గది ఖాళీ. మేనేజరుకిస్తే దొంగతనం అంటగడతాడని భయపడి దాచేశాడు. ఆ సిపాయి మళ్లీ వస్తాడని చూశాడు. రాలేదు.

బిళ్ల వెనక సన్నగా చెక్కిన పేరుండేదట. చదివించుకుందామంటే అదే దొంగ భయం. ఆ భయం పోయాక ఇవాళ, రేపు అనుకుంటూ వయసైపోయింది. ఈలోగా ఆ బిళ్లకి తోడన్నట్టు, ఆదివారం సంతల్లో కనబడిన అమెరికా బిళ్లలన్నీ కొని బిస్కెట్ల డబ్బాలో పోశాడు. గుండె బిళ్ల మాత్రం పూజగదిలోనే ఉండేది.

“పేరు తెలిస్తే ఆళ్లోళ్లకి పంపిద్దుము. ఎవులూ లేకపోతే అమాస నాడు మనోళ్లతో పాటు ఆడి పేరు సెప్పి నీళ్లైనా ఒదుల్తాను. నా గుండె మళ్లీ మొరాయించేలోగా కనుక్కురా లా” అన్నాడు బావ. చివర ఆ ‘లా’ తగిలించకపోతే ఇక్కడ మాకెవరికీ మాట పూర్తయినట్టుండదు.

గుండె బిళ్లనీ ఆ డబ్బాలోనే వేసుకుని, మా ఊరు సుంగై సిపుట్‌లో ఉదయం రైలెక్కాను. మీరూ ఈ దారిన వెళ్తే టికెట్ ముందే ఫోన్లో కొనుక్కోండి, సెలవు రోజుల్లో అప్పటికప్పుడు దొరకదు. స్వెటర్ కూడా పట్టుకెళ్లండి. ఆ రైల్లో ఏసీ మనల్ని చేపల్లా నిలవ చెయ్యడానికే పెట్టారు. తైపింగ్ దాటాక బుకిత్ మెరా దగ్గర రైలు పెద్ద చెరువు మధ్యలోంచి పోతుంది. రెండు వైపులా నీళ్లే. ఫోన్ పక్కన పెట్టి చూడండి.

తైపింగ్‌లో ఎక్కిన తమిళావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో డబ్బా చూసి, “ఎన్న తంబి, మురుక్కా?” అంది.

“మురుకులే అక్కా, అమెరికావి. కొరికితే పళ్లుండవు” అని తమిళంలోనే చెప్పి మూత తీశాను. గుండె బిళ్లని చూడగానే ఆవిడ నవ్వు ఆపి, చెప్పులు విడిచి, కళ్లకద్దుకుంది. “ఎంద సామి?” అంది మెల్లగా.

ఏ స్వామి అంటే నేనేం చెప్పను? మా అక్క ఏటా ఆయుధ పూజకి ఆ బిళ్లని శుభ్రంగా తోమి, కుట్టుమిషను పక్కన పెట్టి, పసుపు రాసి, దాని మీదున్న దొర నుదుట బొట్టు పెడుతుంది. ఆ దొర ఎవరో మాకూ తెలియదు. “చాలా దూరం నుంచి వచ్చిన సామి” అన్నాను.

పదిన్నర దాటాక సుంగై పెటానిలో దిగాను. స్టేషన్ బయట పొరల పొరల రొట్టె చానాయ్ రెండు, నురగ టీ తె తారిక్ ఒకటి లాగించి, కారు పిలిపించుకుని రామారావు మాస్టారింటికి వెళ్లాను. ఆయన మన తెలుగాయనే, బడి నుంచి రిటైరైనవాడు. పాత పతకాల పిచ్చి. ఉగాది భోజనాల్లో పరిచయం.

మాస్టారు బల్ల మీద తువ్వాలు పరిచి, ఒక్కొక్క బిళ్లనీ అంచులు పట్టుకుని తీశారు. “ముందు రిబ్బను సూడాల. తర్వాత ఎనక్కి తిప్పాల” అన్నారు. వెదురు వెనక డ్రాగన్ ఉన్నది వియత్నాంలో పనిచేసినవాళ్లకిచ్చిందట. నేను దాన్ని చైనా గుడి తాయెత్తు అనుకున్నాను. రెక్కలు చాచిన గద్ద గుండీ, రెండో ప్రపంచ యుద్ధమయ్యాక ఇంటికెళ్లిపోయిన సిపాయిలు కోటుకి పెట్టుకున్నది. ఇంకొకటి అసలు పతకమే కాదు, మాజీ సైనికుల సంఘం బ్యాడ్జీ.

“ఇది యుద్ధం సేసినందుకు గాదు, సందా కట్టినందుకు” అన్నారు.

“మా గుడి కమిటీ బ్యాడ్జీ లాగన్నమాట. అక్కడ రెండూ సెయ్యాల” అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు.

తర్వాత మసిబారిన ఒక బిళ్ల వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి, ఒకడి పేరు ఇంటిపేరుతో సహా గడగడా చదివారు. మంచి నడవడికకి ఇచ్చే పతకమట. “సంతలో మట్టిలో పడున్నాది గావాల. ఎవులూ ముట్టుకోనేదు, అందుకే పేరు బతికింది.”

అప్పుడు గుండె బిళ్ల ఇచ్చాను. ఆయన దాన్ని వెంటనే గుర్తుపట్టారు. పర్పుల్ హార్ట్, అంటే ఊదారంగు గుండె, యుద్ధంలో గాయపడినవాళ్లకీ పోయినవాళ్లకీ ఇచ్చేదట. మీదున్న దొర వాళ్ల మొదటి అధ్యక్షుడు. వెనక్కి తిప్పి ఆగిపోయారు.

“ఏటిది, దీన్ని తోమినారా?”

“ఏటేటా మాస్టారూ! సింతపండు, ఇటికి పొడి. మా అక్క తోమితే అద్దం అక్కర్నేదు” అన్నాను గొప్పగా.

ఆయన బిళ్లని దీపం కింద అటూ ఇటూ వాల్చారు. పేరుండాల్సిన చోట ఒక నిలువు గీత, కొంచెం అవతల సగం సున్నా. మిగతాదంతా మా అక్క చేతి నునుపు.

“అంచు మీద అంకె జాడ ఉన్నాది గానీ, ఈ అంకెలకి పేర్ల పట్టీ నాకు తెలిసి నేదు. ఇది వియత్నాం కాలంది గాదు, అంతకు ముందు, రెండో ప్రపంచ యుద్ధానిది. ఆ రోజుల్లో ఎనక పేరు సెక్కి ఇంటికి పంపినారంటే, ఎక్కువగా సచ్చిపోయినోడిదే.”

“మరి మా బావకి దొరికింది బతికున్న సిపాయి జేబులో గదా?”

“ఆళ్ల నాన్నదై ఉంటాది. తోడుగా ఉంటాదని జేబులో ఎట్టుకుని యుద్ధానికి ఎల్లుంటాడు.”

తోడు మా పూజగదిలో ఉండిపోయింది. వాడు ఉత్త జేబుతో వెళ్లాడు. నాకు ఎప్పుడూ ఏదో ఒక జోకు తగులుతుంది. ఆ పూట ఒక్కటీ తగల్లేదు.

మీ ఇళ్లలో ఇలాంటి బిళ్లలుంటే దయచేసి తోమకండి. దుమ్ము కూడా దులపకండి. మాస్టారు ఈ మాట నాతో గుమ్మం దాకా వచ్చి చెప్పారు.

సాయంత్రం రైల్లో చెరువు మళ్లీ వచ్చింది. నేను నీళ్లు చూడలేదు. అక్క దగ్గర ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. సిపాయి జేబులో చిల్లర ఒరుసుకుని పేరు అరిగిపోయిందందామా? మసి బిళ్ల మీది పేరునే వాడి పేరని చెప్పేద్దామా? సుంగై సిపుట్ వచ్చేదాకా నా తిరుగుప్రయాణమంతా అదే. పతకాల గురించి ఆ రోజు చాలా నేర్చుకున్నాను, బావ అడిగింది తప్ప.

ఇంట్లో ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు. “పేరు అరిగిపోనాది బావా” అన్నాను. ఆ సిపాయి నాన్న సంగతీ చెప్పాను. ఎలా అరిగిందో చెప్పలేదు. అక్కే బిళ్ల చేతిలోకి తీసుకుని, బొటనవేలితో వెనక నిమిరి, “నేను గట్టిగా తోమినాన్రా. మనింట్లో ఉన్నన్నాళ్లూ మెరవాలని” అంది.

అది చూడలేక నోరు జారాను. “మసి బిళ్ల మీద ఇంకొకడి పేరున్నాది లే బావా. ఆడూ అమెరికావోడే గదా, ఆ పేరు సెప్పేసి నీళ్లు ఒదిలీ లా.”

బావ అక్క చేతిలోంచి బిళ్ల తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

“రేపు నువ్వు పోయినాక పక్కింటోడి పేరు సెప్పి నీళ్లు ఒదిల్తే, నీకందుతాయేట్రా?”