దంతపురం మట్టికోటలో ఒక పూట

తొంభైల చివర్లో నాకు సైకిల్ పిచ్చి ఉండేది. కృష్ణా జిల్లా నుంచి విశాఖ స్టీల్ ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. ఊరు కొత్త, సెలవురోజు గదిలో కూర్చుంటే తోచేది కాదు. ప్లాంటులో మా షాపులోనే ఫిట్టర్‌గా చేసే ఒకతను తోడు దొరికాడు. ఈ ప్రాంతపు రైతుబిడ్డే. చుట్టరికం ఏమీ లేకపోయినా పరిచయమైన రెండోరోజే నన్ను "బావా" అన్నాడు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

ఒక డిసెంబరులో మూడు రోజులు సెలవు పెట్టి ఇద్దరం శ్రీకాకుళం దాకా తొక్కాం. మర్నాడు పొద్దున్నే ఆమదాలవలస మీదుగా దంతపురం వెళ్ళాం. అక్కడ కళింగుల నాటి పట్నం ఉండేదనీ, చుట్టూ మట్టికోట ఉందనీ పేపర్లో చదివాను. కోట అంటే బురుజులూ సింహద్వారం ఊహించుకున్నాను. తీరా చూస్తే పెద్ద చెరువుగట్టు లాంటి కట్ట, దాని మీద ముళ్ళపొదలు, లోపలంతా పొలాలు.

"ఏటి బావా, దీనికోసవా ఇంత దూరం తొక్కించేవ్?" అని నవ్వాడు.

గట్టెక్కి లోపలికి దిగాం. ఉలవచేలో వంగి పనిచేస్తున్న ముసలామె నడుం నిలబెట్టి మమ్మల్ని అనుమానంగా చూసింది.

"బూమి కొలతలకొచ్చేరా బాబూ?"

బావ నవ్వు ఆగిపోయింది. తిన్నగా వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కాదమ్మా. ఊరికే సూసి ఎల్లిపోతాం. నాను కూడా కొలతలు సూసినోణ్ణే."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, చెంబులో ఉన్న సోడి అంబలి, అదే మా వైపు రాగిజావ, ఇద్దరికీ గ్లాసుల్లో పోసింది. చేను అంచున కుండ పెంకులు గుట్టగా ఉన్నాయి. దున్నినప్పుడల్లా పైకొస్తాయట, కాళ్ళకి గుచ్చుకుంటాయని ఏరి పడేస్తారట. ఒకదాని మీద కుమ్మరి వేలిగీతలు ఇంకా ఉన్నాయి. నేను దాన్ని పట్టుకుని మురిసిపోతుంటే, "అట్టుకుపో బాబూ, ఒకటి తగ్గితే మాకే మంచిది" అంది.

బావ ఆ గుట్టకేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా ఊరు మీద ఇప్పుడేటుందో తెల్సా బావా? బొగ్గు గుట్ట. రోజూ దాని పక్కనుంచే డ్యూటీకెల్తన్నాం."

రెండేళ్ళుగా కలిసి తిరుగుతున్నాం. అతని ఉద్యోగం, స్టీల్ ప్లాంటు కింద పోయిన భూమికి బదులుగా వచ్చిందని నాకు తెలియదు.

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడగనేదు."

అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. అదే గేటు దాటి ఉద్యోగంలో చేరినరోజు నేను మా నాన్నకి ఎంత గర్వంగా ఉత్తరం రాశానో గుర్తొచ్చింది. అంబలి తాగి, గ్లాసు కడిగిచ్చి లేచాను.

తిరుగుదారిలో హైవే మీద పక్కపక్కనే తొక్కుతూ అతను వాళ్ళ ఊరి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి వీధిలో మొదటి ఇల్లు ఎవరిదో, వాళ్ళ ఆవు ఎవర్ని కుమ్మిందో, ఏ అరుగు మీద పేకాట జరిగేదో. లారీలు దాటేటప్పుడు ఆగేవాడు, మళ్ళీ ఆ గుమ్మం దగ్గరే అందుకునేవాడు. తగరపువలసలో టీకి ఆగేసరికి ఇంకా రెండో వీధి మధ్యలోనే ఉన్నాం.

టీ గ్లాసు అందిస్తూ, అతను ఆపిన ఇంటికి ఎదురింట్లో ఎవరుండేవారని అడిగాను.