మూయని ఫైళ్లు

మా ఆఫీసులో డేటాబేస్ చూసుకునే అన్న ఉండేది సికింద్రాబాదు బోయిగూడలో. ఎవరి డ్రాయరు తెరిచి ఉన్నా, మాట్లాడుతూనే మూసేసి వెళ్లేవాడు.

అవి సికింద్రాబాదులో సందుకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులు. నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఒక ఉదయం మేము చూసే ఆసుపత్రి సర్వరు మొరాయించింది. తెరిచిన ఫైళ్లు పరిమితి దాటాయి, ఇక ఒక్కటి కూడా తెరవనంటోంది. రక్తపరీక్షల రిపోర్టులు ఆగిపోయాయి. ఆపరేషన్ టేబుల్ మీద మనిషున్నాడని అక్కడి నుంచి ఒకటే ఫోన్లు.

అన్న పరిమితి పెంచి సర్వరును మళ్లీ నడిపించాడు. రిపోర్టులు వెళ్లాయి, పేషెంటు గండం గట్టెక్కాడు. ఆ తర్వాత ఇన్ని ఫైళ్లు తెరిచిందెవరో వెతికాడు. నేను రాసిన ప్రోగ్రాం. ప్రతి రిపోర్టుకీ ఒక ఫైలు తెరిచి, మూయకుండా వదిలేస్తోంది.

"జెర చూసుకోవాలె చెల్లే," అని మాత్రం అన్నాడు. ఫైలు మూసే ఆ ఒక్క లైనూ తనే రాశాడు.

సాయంత్రం మేనేజరు తప్పెవరిదని అడిగాడు.

"నాదే సార్. లిమిట్ ముందే పెంచాల్సుండె," అన్నాడు అన్న.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. వారం తిరగకుండా ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

రెండేళ్లకు సికింద్రాబాద్ స్టేషన్లో ఎదురుపడ్డాడు. "మంచిగున్నవా చెల్లే? నౌకరి మంచిగ నడుస్తుందా?" అని అడిగాడు. నడుస్తోందన్నాను. ఆయన సంగతి అడిగే ధైర్యం చాలలేదు. రైలు రాగానే జనంలో నాకు దారి చేసి, తను ఎక్కలేక కిందే ఉండిపోయాడు.

ఇప్పటికీ ఆ వైపు పనిపడితే, సికింద్రాబాద్ దాకా వెళ్లకుండా అంతకు ముందు స్టేషన్లోనే దిగి ఆటో ఎక్కుతాను.