అంటుకుపోయిన రెండు పేజీలు

మా చెల్లెలి గొంతు బాగుంటుంది. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, తరవాత ఎవరూ నన్ను ఓర్వలేనిదని అనకుండా. ఓర్వలేనిదాన్నే. కానీ చెవిటిదాన్ని కాను.

పోయిన వానాకాలం, శ్రీకాకుళంలో మా సంఘం స్త్రీల కూడికకి మూడు శనివారాలు దాన్ని పిలిచారు. అది విజయనగరంలో కాలేజీ లెక్చరరు. బైబిలు ఎలా పుట్టింది, మన విశ్వాసానికి అది ఎందుకు ఆధారం అన్నది విషయం. ఇరవై ఏళ్లుగా ఆ సంఘంలో ఉన్నదాన్ని నేను. రెండు మాటలు చెప్పమని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పాస్టరమ్మగారు ఫోన్ చేసి నన్ను అడిగింది దాని నంబరు.

నేను అరసవల్లిలో జాకెట్లు కుట్టుకుని బతుకుతాను. మొదటి శనివారం గుడి దగ్గర భక్తుల్ని దించి ఖాళీగా వెళ్తున్న ఆటో ఒకటి ఎక్కి మందిరానికి వెళ్లేసరికి ముందు వరుసలన్నీ నిండిపోయాయి. వెనక, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చున్నాను. చెల్లెలు గంజి పెట్టిన నేత చీర కట్టుకుని నిలబడింది. జాకెట్టు నేను కుట్టిందే. చీర బాగుందని నలుగురు అన్నారు. జాకెట్టు మాట ఒక్కరూ ఎత్తలేదు.

బాగానే చెప్పింది. ముందు పుస్తకం లేదు, నోటి మాటే ఉండేదట. ప్రభువును చూసినవాళ్లు, విన్నవాళ్లు ఇళ్లలో చెప్పుకునేవారట. ఉత్తరాలు రాస్తే ఎవరో ఒకరు చేత పట్టుకుని ఊరూరా నడిచి, చదువు రానివాళ్ల మధ్య నిలబడి చదివి వినిపించేవారట. ఆ తరవాత చేత్తో నకళ్లు రాసుకున్నారు. రాసేవాడి కన్ను ఒక వరుస దాటిపోతే ఆ నకలు చూసి రాసినవాడూ దాటేసేవాడు. అందుకే పెద్దలు నకళ్లన్నీ పక్కపక్కన పెట్టి సరిచూశారు, ఏవి సంఘాల్లో చదవదగ్గవో చాలాకాలం తర్కించుకున్నారు. దేవుడు తన మాటని మనుషుల చేతులకే అప్పగించాడు, ఆ చేతులు వణికినా మాట నిలిచింది, అంది. నా తోడబుట్టినది ఇంత బాగా చెప్పడం నాకు నచ్చలేదు.

అంతలో అది మా అమ్మ మాట ఎత్తింది.

"మా అమ్మకి చదువు రాదు. నేనే చదివి వినిపించేదాన్ని. పాపం, విన్న రెండు కథలు ఒకదాంట్లో ఒకటి కలిపేసేది. ప్రభువు తుపాను అణచాడు కదా, ఆ తుపానులో ఒక పిల్ల మునిగిపోయిందని, ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడని చెప్పేది. మా పేటలో ముసలమ్మలకి ఇప్పటికీ అదే సువార్త!"

అందరూ నవ్వారు. పాస్టరమ్మగారైతే కళ్లు తుడుచుకున్నారు.

నేను నవ్వలేదు. నేనే చదివి వినిపించేదాన్నట! ఆ కథ అమ్మ నోటికి వచ్చేనాటికి దీనికి రెండేళ్లు.

మాది సముద్రపు ఒడ్డున చిన్న పేట. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని మెరక ఊళ్లలో చేపలు అమ్మేది. అక్కడొక రిటైరైన టీచరమ్మ, చదువు రాదన్నా వినకుండా, పాత బైబిలు ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. అప్పుడు నేను ఐదో తరగతి. సాయంత్రం అమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి, మర్నాడు కూరకి ఉంచుకున్న చేపలు తోముతూ "సదవే" అనేది. ఒళ్లో చెల్లెలు, చేతిలో పుస్తకం. కూడబలుక్కుంటూ చదివేదాన్ని. అమ్మ ఒక్కో మాట మూడుసార్లు చెప్పించుకునేది, నాలుగోసారి తనే చెప్పేది. ఒక్క అక్షరం జారేది కాదు. మర్నాడు గంపతో పాటు ఆ వాక్యమూ ఊళ్లు తిరిగేది.

ఒకరోజు తుపాను కథ చదివాను. ఆకు తిప్పాను. ఇవతలి పేజీలో సముద్రం అణిగింది, అవతలి పేజీలో ఒక పిల్ల కోసం జనం ఏడుస్తున్నారు. మధ్యలో మాట అతకలేదని నాకు తోచలేదు. ఆ పాత తెలుగులో నాకు అతికినట్టు తోచిన మాటలే తక్కువ. ప్రభువు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు, తినడానికి ఏదైనా పెట్టమన్నాడు.

అమ్మ చేప పక్కన పెట్టేసింది. "ఎవలే ఆ గుంట?"

నాకు తెలియదు. తెలియదంటే చదువు ఆపించేస్తుందని భయం. "పడవలోంచి పడిపోనాది," అన్నాను.

ఆ ఒక్క మాట పుస్తకంలోది కాదు, నాది. అమ్మ కలిపింది ఏమీ లేదు.

ఆ కథ పేటంతా పాకింది. ఎవరి పడవైనా రావడం ఆలస్యమైతే ఆడవాళ్లు ఒడ్డున అమ్మ చుట్టూ చేరి ఆ పిల్ల కథ చెప్పించుకునేవారు. మరుసటి ఏడు నా చదువు ఆగిపోయింది. చెల్లెల్ని మాత్రం బడి ఈడు రాగానే హాస్టల్లో వేశారు. అది సెలవులకి కొత్త బైబిలు పట్టుకొచ్చేసరికి, అమ్మ నన్ను పొయ్యి దగ్గరకి పంపి దాని చేత చదివించుకునేది. నా ఎదురుగా నా చేతిలోని పుస్తకం తీసి గూట్లో పెట్టేసి, "దాని పుస్తకంలో సదవనీ, అచ్చరాలు పెద్దవి," అన్న రోజు నాకింకా గుర్తే. దానికి పన్నెండేళ్లప్పుడు పేట ప్రార్థనలో తుపాను కథ తడుముకోకుండా చదివింది. మునిగిపోయిన పిల్ల లేదు. ఆడవాళ్లంతా అమ్మ వైపు చూశారు.

"దాని పుస్తకం వేరు," అంది అమ్మ. "నా దాంట్లో ఉన్నాది."

అమ్మ నా పక్షం పట్టింది ఆ ఒక్కసారే. అమ్మ పోయాక ఆ పుస్తకం కూడా చెల్లెలే పట్టుకుపోయింది, చదువుకున్నదాని దగ్గర ఉంటే ఉపయోగమని మా మావ తేల్చేశాడు.

కూడిక అయిపోయాక దాన్ని మందిరం పక్కన నిలేశాను.

"ఒసే, అమ్మకి సదివింది నువ్వా?"

"సెలవులకి వచ్చినప్పుడు సదివేదాన్ని కదప్పా." నాతో అయితే అది అక్క అనదు, మా పేట వాడుకలో అప్ప అంటుంది.

"సుట్టానికొచ్చి సదివేవు. ఆ గుంట కత నీకు మాటలు రాక ముందునుంచీ అమ్మ నోట్లో ఉన్నాది."

"నవ్వుకోడానికి సెప్పేను. దానికేటి ఇప్పుడు?"

"అమ్మకి గేపకం లేదని సెప్పేవు. అందరూ అమ్మని సూసి నవ్వేరు. పుస్తకం ఏదీ?"

"బీరువాలో ఉన్నాది."

"ఒక్కసారైనా తెరిసేవా?"

అది చీర కొంగు సర్దుకుంది. కాలేజీలో పిల్లలు ప్రశ్న అడిగినా ఇలాగే కొంగు సర్దుకుంటుందా అనిపించింది.

బుధవారం బస్సెక్కి విజయనగరం వెళ్లాను. పట్టుగుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచింది పుస్తకాన్ని. వాసన చూస్తే ఎన్నేళ్లుగా తియ్యలేదో తెలిసిపోతోంది. నేను తిన్నగా తుపాను దగ్గరికి తెరిచాను. రెండు ఆకులు అట్టలాగ అంటుకుపోయి ఒకే ఆకులా ఉన్నాయి. కింద గోధుమరంగు మరక, దాని మీద చిన్న చిన్న వేళ్ల గుర్తులు.

"ఇదేటి?" అంది చెల్లెలు.

"తాటి తాండ్ర. నా ఒళ్లో కూకుని తినీదానివి. మొత్తుకున్నా పుస్తకం మీద సెయ్యి తీసీదానివి కాదు. సూడు, నీ ఏలే."

ఆకులు అంటుకున్నాయని నాకూ తెలిసింది నా పెళ్లయ్యాకే. వేరే బైబిల్లో చదువుతుంటే తుపాను వెనకే దయ్యాలు పందుల్లో దూరిన కథ ఎదురొచ్చింది, తరవాత ఇంకో కథ, ఆ తరవాత గాని పిల్ల రాలేదు, అదీ మునిగిన పిల్ల కాదు, జబ్బుతో పోయిన పిల్ల. ఆ మధ్య కథలు మా ఇంటి పుస్తకంలో లేవే అనుకున్నాను. పుట్టింటికి వెళ్లి చూస్తే ఇదీ సంగతి. నేను చదివింది తప్పని అమ్మకి మాత్రం చెప్పలేకపోయాను.

చెల్లెలు ఆకుల్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లోపలి అక్షరాలు నీడల్లా కనపడ్డాయి. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది, తరవాత నవ్వు ఆగిపోయింది.

"అయితే అమ్మ తప్పు కాదన్నమాట."

"నా తప్పూ కాదు," అన్నాను. పడవలోంచి పడిపోనాది అన్నది ఎవరో దానికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, చాలు.

"ఆవిరి పడితే ఇడిపోతాయప్పా. కెటిల్ పెట్టనా?"

"ముట్టుకున్నావంటే సూడు!"

పుస్తకం నా సంచీలో పెట్టేసుకున్నాను. అది అడ్డు చెప్పలేదు. శనివారం అందరి ముందూ దిద్దుతానంది.

దిద్దింది కూడా. రెండో శనివారం లేచి, అమ్మకి వాక్యం చదివింది మా అక్క, అమ్మ జ్ఞాపకం తప్పలేదు, తప్పిందని చెప్పింది నేనే, అంది. నన్ను నిలబడమంది. నిలబడ్డాను. ఇన్నేళ్లుగా నాకు రావలసిన మాట వస్తోందనుకున్నాను. అంతలో అది చెయ్యి పైకెత్తి, "ఆ పేజీలు అంటించిన దొంగచెయ్యి ఇదిగో!" అంది. ఇక మందిరమంతా నవ్వులు, చప్పట్లు. ఎంత చదివినా ఎంత తగ్గింపు మనసో అని పాస్టరమ్మగారు దాన్ని వాటేసుకున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, నేనే కూర్చున్నాను.

ఆ అంటుకుపోయిన పేజీల్లో ఏముందో వేరే పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. జబ్బుతో ఏళ్ల తరబడి నలిగిన ఒక ఆడమనిషి, గుంపులో వెనకనుంచి వచ్చి ప్రభువు వస్త్రం తాకుతుంది. ఎవరూ చూడలేదు. ఆయన ఆగిపోయి, తాకింది ఎవరని అడుగుతాడు. ఆమె ముందుకొచ్చి చెప్పేదాకా అక్కడినుంచి కదలడు. నా విశ్వాసం ఈ వాక్యం మీదే నిలబడి ఉంది. అన్ని నకళ్లు తిరిగి, అన్ని చేతులు మారి, దాన్ని ఎవరూ దాటెయ్యకుండా నాదాకా చేర్చారు. అమ్మకి చేరకుండా పోయింది మాత్రం మా ఇంట్లోనే. అమ్మ ఆ మనిషి కథ ఎలా చెప్పేదో అని ఇప్పుడు కూడా జాకెట్లు కుడుతూ అనుకుంటాను.

పోయిన వారం చెల్లెలు ఫోన్ చేసింది. విజయనగరంలో వాళ్ల సంఘంలోనూ ఇదే విషయం చెప్పమన్నారట, పేజీలు చూపిస్తే బాగుంటుంది, రెండు రోజులకి పుస్తకం పంపమంది.

"పంపను," అన్నాను. "నానే అట్టుకొస్తాను. ఆ పేజీ నానే తీసి సూపిస్తాను, అమ్మ కత నానే సెప్తాను. ముందు వరసలో కుర్సీ ఎయ్యించు."

"సెప్పులు ఇడిసే సోట ఎయ్యించనులేప్పా," అంది నవ్వుతూ.

అంటే ఆ మొదటి శనివారం నేను ఎక్కడ కూర్చున్నానో అది చూసింది. చూసి కూడా ముందుకి రమ్మనలేదు. ఇదీ గుర్తుపెట్టుకున్నాను.